సంగటి పడి కాలిన మచ్చకు లేజర్ చేయించాలా? ముందు మోచేతిని చూడండి

ప్రొద్దుటూరు నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. ఆయన చెల్లెలికి ఇరవై రెండేళ్లు. ఐదు నెలల కిందట సంగటి కెలుకుతుండగా కుండ ఒరిగి, ఉడుకుతున్న సంగటి ఆమె ఎడమ చేతి మీద, మోచేతి మడతలో, మెడ పక్కన కొద్దిమేర పడింది. పుండ్లు మానడానికి నెలన్నర పట్టింది. ఇప్పుడు మచ్చ ఎర్రగా ఉబ్బి, మోచేతి మడతలో తాడులాగా బిగుసుకుంది. రాత్రిళ్లు దురదతో నిద్ర పట్టడం లేదు. చెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. బెంగళూరులో ఒకచోట ఒక్క సిట్టింగ్‌లోనే లేజర్‌తో మచ్చ మొత్తం తీసేస్తామని చెప్పారట. వెళ్లవచ్చా, అంతవరకు ఏ క్రీము రాయాలి అని ఆయన అడిగారు.

నేను కర్నూలులో ప్లాస్టిక్ సర్జన్‌ను. ఇరవై ఏళ్లకు పైగా కాలిన గాయాలకూ, అవి మిగిల్చిన మచ్చలకూ చికిత్స చేస్తున్నాను. చేతిని స్వయంగా పట్టుకుని చూడలేదు కనుక, మీరు రాసినదాన్ని బట్టి చెప్పగలిగినంత చెబుతాను.

ముందుగా సూటి సమాధానం. లోతుగా కాలిన మచ్చను ఏ గుర్తూ లేకుండా తుడిచివేసే చికిత్స ఇప్పటివరకు లేదు. ఒక్క సిట్టింగ్‌లో తీసేస్తామన్న మాటను నమ్మి డబ్బు కట్టవద్దు. అయితే మచ్చ ఉబ్బును చదును చేయవచ్చు, గట్టిదనాన్ని మెత్తబరచవచ్చు, ఎరుపును, దురదను బాగా తగ్గించవచ్చు. దానికి మీ చెల్లెలు ఇప్పుడు సరైన సమయంలోనే ఉన్నారు, ఎందుకంటే ఐదు నెలల మచ్చ ఇంకా మారుతూనే ఉంటుంది. కానీ మొదట చూడవలసింది మచ్చ రూపాన్ని కాదు, మోచెయ్యి కదలికను. ఈ వారంలోనే ఫిజియోథెరపీ, రాత్రిపూట స్ప్లింట్ (చెయ్యి ముడుచుకోకుండా చాపి ఉంచే కట్టు) మొదలుపెట్టండి. వాటితో పాటే సిలికాన్ పట్టీ, మర్దన, ప్రెజర్ గార్మెంట్ అనే బిగుతైన తొడుగు నడవాలి. ఉబ్బు ఎక్కువగా ఉన్నచోట మచ్చలోకి ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. లేజర్ వీటన్నిటి తరవాత వచ్చే మాట. ఇన్ని చేసినా మోచెయ్యి లొంగకపోతే ఆపరేషన్ ఉంది.

ఇక కారణాల్లోకి వస్తాను. ఏ చికిత్స ఎందుకు చేస్తున్నామో ఇంట్లో వాళ్లకు తెలిస్తేనే అది ఏడాది పాటు ఆగకుండా సాగుతుందని నా అనుభవం.

మన రాయలసీమ ఇళ్లలో జరిగే ప్రమాదాల్లో సంగటి కాల్పు నాకు ప్రత్యేకంగా భయం కలిగిస్తుంది. వేడినీళ్లు పడితే చాలావరకు జారిపోతాయి. సంగటి అలా జారదు. అది చర్మానికి అంటుకుని, తనలోని వేడిని నిదానంగా లోపలికి దింపుతూనే ఉంటుంది. గాభరాగా గుడ్డతో లాగేస్తే పైచర్మం కూడా దానితోపాటే ఊడి వస్తుంది. కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి మంచినీళ్లు ధారగా పోస్తూ, నీళ్లతోనే సంగటిని వదిలించడం సరైన పద్ధతి. మీ ఇంట్లో అప్పుడు ఏం చేశారో నాకు తెలియదు. ఇప్పుడు దాని గురించి ఎవరినీ నిందించుకోవలసిన పని లేదు. కానీ ఇది చదివే మిగతా ఇళ్లవాళ్లు గుర్తుంచుకోవాలని రాస్తున్నాను: పసుపు, టూత్‌పేస్ట్, ఇంకు, గుడ్డు సొన, ఇవేవీ కాలిన చోట పూయకూడదు.

పుండు మానడానికి ఎన్నాళ్లు పట్టిందన్నదే మచ్చ జాతకాన్ని దాదాపుగా నిర్ణయిస్తుంది. రెండు వారాల లోపు మానిన చోట సాధారణంగా రంగు తేడా తప్ప పెద్దగా ఏమీ మిగలదు. మూడు వారాలు దాటిందంటే కాల్పు చర్మం లోతు పొరల దాకా వెళ్లిందని అర్థం, అక్కడ ఉబ్బెత్తు మచ్చ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మీ చెల్లెలికి నెలన్నర పట్టింది. అలాంటి పుండ్లకు మొదటి వారాల్లోనే తొడ నుంచి పలుచటి చర్మం తీసి అతికిస్తే మచ్చ ఇంతగా ఉబ్బకపోయేదేమో. ఆ దశ దాటిపోయింది కనుక దాన్ని వదిలేద్దాం.

మామూలు చర్మంలో కొలాజెన్ అనే పీచు చక్కగా అల్లిన చాపలాగా ఉంటుంది. లోతుగా కాలినప్పుడు శరీరం తొందరపడి ఆ పీచును అవసరానికి మించి తయారు చేసి, ఉండలు ఉండలుగా పేరుస్తుంది. దానికి రక్తనాళాలు కూడా ఎక్కువగా చేరతాయి. అందుకే మచ్చ ఎర్రగా, గట్టిగా, వెచ్చగా, దురదగా ఉంటుంది. మచ్చలో మరో రకం కణాలు కూడా ఉంటాయి. వాటి పని గాయం అంచులను లోపలికి లాగడం. పుండు మూసుకోవడానికి అది అవసరమే, కానీ పుండు మూసుకున్నాక కూడా ఆ లాగుడు నెలల తరబడి ఆగదు. మోచేతి మడతలో మీరు తాడులాగా ఉందన్నది ఈ లాగుడు ఫలితమే. చెయ్యి మడిచి పెట్టుకుంటే నొప్పి ఉండదు కనుక రోగి మడిచే ఉంచుకుంటారు, మచ్చ ఆ మడతలోనే బిగుసుకుంటుంది. హాయిగా ఉన్న భంగిమే చివరికి అవిటి భంగిమ అవుతుందని మా వార్డులో అటెండర్లు కూడా చెబుతారు.

ఇలాంటి మచ్చ సాధారణంగా పుండు మానిన ఒకటి రెండు నెలల్లో లేవడం మొదలై, ఆరో నెల దాకా పెరిగి, తరవాత నిదానంగా చల్లబడుతుంది. పూర్తిగా పండడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. మచ్చ ఇంకా పచ్చిగా ఉందో లేదో చూసుకోవడానికి ఇంట్లో ఒక చిన్న పరీక్ష ఉంది. వేలితో మచ్చను గట్టిగా నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి, వదలగానే రెప్పపాటులో ఎర్రబడితే మచ్చ ఇంకా పని చేస్తోందని అర్థం. నెలలు గడిచేకొద్దీ ఆ ఎరుపు తిరిగి రావడం మందగిస్తుంది, మచ్చ లేత గోధుమ రంగుకు మళ్లుతుంది, చిటికెతో పట్టుకుంటే చర్మం మడత లేస్తుంది. మచ్చ పచ్చిగా ఉన్న ఈ కాలంలోనే చవకైన, నొప్పిలేని చికిత్సలు బాగా పని చేస్తాయి.

కీలాయిడ్ అనే మాటను చాలామంది ఇక్కడ కలిపేస్తారు. కాలిన హద్దు లోపలే ఉబ్బి ఉంటే అది మనం మాట్లాడుకుంటున్న ఉబ్బెత్తు మచ్చ. హద్దు దాటి మంచి చర్మం మీదికి పాకుతూ, ఏళ్లు గడిచినా తగ్గకుండా ఉంటే కీలాయిడ్ అంటారు. దాని చికిత్స వేరు, మొండితనం ఎక్కువ. కీలాయిడ్‌ను కోసి వదిలేస్తే మునుపటికంటే పెద్దదిగా తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. మీరు పంపిన వర్ణనలో అలాంటి లక్షణం నాకు కనబడలేదు.

మోచెయ్యి. మీ చెల్లెలిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, అరచెయ్యి పైకి ఉండేలా చెయ్యి చాపి బల్ల మీద పెట్టమనండి. మోచెయ్యి బల్లకు ఆనాలి. అప్పుడు మణికట్టు వెనక భాగానికీ బల్లకూ మధ్య ఎన్ని వేళ్లు దూరుతున్నాయో చూడండి. మంచి చేతికీ అలాగే చూసి, ఆ తేడాను తేదీతో సహా క్యాలెండర్ మీద రాయండి. ఫిజియోథెరపిస్టు దీన్నే డిగ్రీలలో కొలుస్తారు, కానీ ఇంట్లో వేళ్ల లెక్క సరిపోతుంది.

వ్యాయామం రోజుకు నాలుగైదు సార్లు చెయ్యాలి. స్నానం చేసిన వెంటనే, కొబ్బరినూనె రాసిన తరవాత, మచ్చ మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెడితే నొప్పి తక్కువగా ఉంటుంది. చెయ్యిని నిదానంగా చాపుతూ, మడతలోని తాడు తెల్లబడే దాకా తీసుకెళ్లి, అక్కడ అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆపి వదలాలి. గుంజి లాగితే మచ్చ చిట్లి కొత్త పుండవుతుంది, అది మళ్లీ మచ్చే అవుతుంది. పగలు ఎంత చాపినా రాత్రి నిద్రలో చెయ్యి ముడుచుకుంటుంది కనుక, చెయ్యిని చాపి ఉంచే స్ప్లింట్ కట్టుకుని పడుకోవాలి. ఇది వేడికి వంగే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది దొరకని చోట పిండికట్టు పట్టీతో చేసినదైనా ఫరవాలేదు. మెడ పక్కన ఉన్న మచ్చ విషయంలోనూ అంతే: గడ్డం పైకెత్తి, తల రెండో వైపుకు తిప్పి నిలపడం చేయించండి, ఎత్తైన తలగడ మాన్పించండి.

ఈ పట్టుదల లేకపోతే ఏమవుతుందో ఒక పిల్లవాడి చేతిలో చూశాను. నందికొట్కూరు వైపు పల్లె నుంచి వచ్చిన నాలుగేళ్లవాడు. పాలగిన్నెలో చెయ్యి పెట్టాడు. పుండు మానింది కదా అని ఇంటికి తీసుకెళ్లారు. బిడ్డ ఏడుస్తున్నాడని అవ్వ స్ప్లింట్ తీసేసింది. ఎనిమిది నెలల తరవాత వచ్చేసరికి మూడు వేళ్లు అరచేతికి అతుక్కుని పిడికిలి బిగిసిపోయింది. రెండు ఆపరేషన్లు చేశాం. ఇప్పుడు బలపం పట్టుకుని రాస్తున్నాడు. కానీ ఒళ్లు పెరిగినంతగా మచ్చ సాగదు కనుక, పెరిగే వయసు ముగిసేదాకా ఏటా వచ్చి చూపించుకోవాలి. ఆ అవ్వ ప్రేమతోనే తీసేసింది. ఎందుకు కట్టామో ఆమెకు అర్థమయ్యేలా చెప్పి పంపించవలసింది మేము.

సిలికాన్. ఉబ్బెత్తు మచ్చకు మొదటి వరుసలో వాడే చికిత్స ఇదే. మెత్తటి పారదర్శకమైన పట్టీలాగా ఉంటుంది. దీనిలో మందేమీ ఉండదు. మచ్చ పైపొర మామూలు చర్మం కంటే త్వరగా తేమను కోల్పోతుంది, ఆ పొడితనం లోపలి కణాలను మరింత పీచు తయారు చేయమని పురిగొల్పుతుంది. సిలికాన్ ఆ తేమను పట్టి ఉంచుతుంది. పుండు పూర్తిగా మూసుకున్న చోటే వాడాలి. మొదట రోజుకు రెండు మూడు గంటలతో మొదలుపెట్టి, రోజుకు కనీసం పన్నెండు గంటల దాకా పెంచుకుంటూ పోవాలి. మూడు నెలల కంటే తక్కువ వాడి ఫలితం లేదనకూడదు. చాలామందికి ఆరు నెలలు పడుతుంది. పట్టీనీ, చర్మాన్నీ రోజూ సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి.

మన ఎండల్లో దీనితో వచ్చే ఇబ్బంది నాకు తెలుసు. ఆదోని నుంచి వచ్చిన ఒక టైలరమ్మకు ఏప్రిల్‌లో పట్టీ ఇచ్చాను. పది రోజులకే చెమటకాయలతో వచ్చి, పట్టీని నా బల్ల మీద పెట్టి, ఇది నాకొద్దు సారూ అంది. నలభై డిగ్రీలు దాటిన ఎండలో, రేకుల ఇంట్లో కూర్చుని మిషను కుట్టే మనిషికి పగటిపూట పట్టీ కట్టుకోమన్న పొరపాటు నాదే. పట్టీని కూలర్ పెట్టుకుని పడుకునే రాత్రి వేళకు మార్చి, పగలు సిలికాన్ జెల్ రాసుకోమన్నాను. జెల్ పలుచగా రెండు పూటలా రాసి, ఆరేదాకా నాలుగైదు నిమిషాలు ఆగితే చాలు. మందంగా రాస్తే జిడ్డు తప్ప ప్రయోజనం లేదు. ఆమె ఎనిమిది నెలలు విడవకుండా వాడింది, ఇప్పుడు ఆ ముంజేతి మచ్చ చిటికెకు అందుతుంది. దద్దురు వస్తే రెండు మూడు రోజులు ఆపి, తగ్గాక మళ్లీ తక్కువ గంటలతో మొదలుపెట్టండి.

ప్రెజర్ గార్మెంట్. చేతి కొలత తీసుకుని కుట్టే బిగుతైన సాగే తొడుగు ఇది. మచ్చ మీద ఇరవై నుంచి ముప్పై మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి పడేలా కుడతారు. ఆ ఒత్తిడితో మచ్చలోకి రక్తప్రసరణ తగ్గి, ఎరుపు, ఉబ్బు, దురద మూడూ నెమ్మదిస్తాయి. స్నానానికి, మర్దనకు తప్ప రోజంతా, అంటే దాదాపు ఇరవై మూడు గంటలు ఉంచాలి. ఏడాది దాకా కొనసాగించాలి. రెండు జతలు కుట్టించుకుంటే ఒకటి ఉతికి నీడలో ఆరేసినప్పుడు రెండోది వేసుకోవచ్చు. రెండు మూడు నెలలకు సాగుడు వదులవుతుంది, అప్పుడు కొత్తది కావాలి. వదులైన తొడుగును ఏడాదంతా వేసుకుని ప్రయోజనం లేదని వచ్చేవాళ్లను ప్రతి నెలా చూస్తాను. వేళ్లు నీలబడినా, తిమ్మిరెక్కినా తొడుగు మరీ బిగువైందని అర్థం, వెంటనే చూపించాలి. మెడ మీద ఇంత ఒత్తిడి సాధ్యం కాదు, అక్కడ సిలికానే మేలు.

మర్దన ఖర్చులేనిది, అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయరు. రోజుకు మూడు నాలుగు సార్లు, ఐదేసి నిమిషాలు, బొటనవేలితో మచ్చ తెల్లబడేంత ఒత్తిడి పెట్టి గుండ్రంగా, తరవాత మచ్చకు అడ్డంగా కదిలించాలి. కొబ్బరినూనెగానీ, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ గానీ చాలు. లోతుగా కాలిన చోట నూనె గ్రంథులు పోతాయి కనుక మచ్చ తనంతట తాను తేమను తయారు చేసుకోలేదు. రాత్రి దురదలో సగం ఈ పొడితనం వల్లే. పడుకునే ముందు రాసి, గోళ్లు కత్తిరించి, పలుచటి నూలుగుడ్డ చుట్టండి. అయినా నిద్ర పట్టకపోతే అలెర్జీ మాత్రలు, అవి చాలకపోతే నరాల దురదకు వాడే గాబాపెంటిన్ వంటివి డాక్టరు రాసిస్తారు. దురదను ఓర్చుకోమని ఆడపిల్లకు చెప్పవద్దు. గోకినప్పుడు చిట్లిన ప్రతి చోటా మచ్చ మళ్లీ రేగుతుంది.

మచ్చలోకి ఇంజెక్షన్. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను మిల్లీలీటరుకు పది నుంచి నలభై మిల్లీగ్రాముల గాఢతలో, నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, మచ్చ మందంలోకే ఎక్కిస్తాం. తాడులాగా లేచిన కట్టలకు, ఉండలకు ఇది బాగా పని చేస్తుంది. చేతినిండా పరచుకున్న మచ్చకు ఇది తగదు, అంత మందు ఒంట్లోకి పంపకూడదు. నొప్పి ఉంటుంది, దాచను. మొదటిసారి మచ్చ రాయిలా ఉంటుంది, సిరంజి ముందుకు కదలదు, నెట్టేకొద్దీ సూది చుట్టూ మచ్చ తెల్లగా పాలిపోతుంది. మూడోసారికి అదే మచ్చలోకి మందు సులువుగా దిగుతుంది. మెత్తబడిందని నా బొటనవేలికి ముందుగా తెలిసేది అప్పుడే. తిమ్మిరి మందు కలిపి, ముందు మంచుగడ్డ పెట్టి ఇస్తే నొప్పి భరించగలిగేంతే ఉంటుంది.

దీనికి జాగ్రత్తలు ఉన్నాయి. మందు ఎక్కువైనా, మచ్చను దాటి పక్క చర్మంలోకి దిగినా అక్కడ చర్మం పలచబడి గుంట పడుతుంది, తెల్లబడుతుంది. నా ప్రాక్టీసు తొలి ఏళ్లలో ఒక అమ్మాయి భుజం మచ్చకు త్వరగా తగ్గించాలన్న ఆత్రంతో గాఢమైన మందు దగ్గర దగ్గరగా ఇచ్చాను. ఉబ్బు పోయింది, దాని స్థానంలో బొటనవేలంత తెల్లటి గుంట మిగిలింది. అప్పటి నుంచి తక్కువ గాఢతతో మొదలుపెట్టి, ప్రతిసారీ మచ్చను తాకి చూసి నిర్ణయిస్తున్నాను. షుగరు ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగరు పెరగవచ్చు, ఆడవాళ్లకు నెలసరి కొంత తారుమారు కావచ్చు. మొండి మచ్చలకు ఫైవ్ ఫ్లోరోయురాసిల్ అనే మందు కూడా కలిపి ఇస్తారు. అది గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఇవ్వకూడదు. పెళ్లి మాట నడుస్తోంది కనుక ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు లేజర్. లేజర్ మోసం కాదు, మంచి పనిముట్టు. నేనూ పంపిస్తుంటాను. కాలిన మచ్చలకు ముఖ్యంగా రెండు రకాలు వాడతారు. పల్స్‌డ్ డై లేజర్ రక్తనాళాల మీద పని చేసి ఎరుపును, దురదను తగ్గిస్తుంది. ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ మచ్చలో కంటికి కనబడనంత సన్నని బెజ్జాలు వరుసగా వేస్తుంది. ఆ బెజ్జాలు మానేటప్పుడు లోపలి పీచు కొంత క్రమంలోకి వస్తుంది, మచ్చ మెత్తబడి సాగుతుంది. ఆ బెజ్జాల గుండానే స్టెరాయిడ్‌ను లోపలికి పంపే పద్ధతి కూడా ఉంది. కానీ ఇవన్నీ ఒక్కసారితో అయ్యేవి కావు. సిట్టింగ్‌కూ సిట్టింగ్‌కూ మధ్య ఆరు నుంచి పన్నెండు వారాల విరామంతో సాధారణంగా మూడు నుంచి ఆరుసార్లు చేయవలసి వస్తుంది. మన చామనఛాయ చర్మంలో వర్ణద్రవ్యం ఎక్కువ కనుక, లేజర్ శక్తి కొంచెం ఎక్కువైనా మచ్చ నల్లబడే ప్రమాదం ఉంది. అందుకే ఒక చిన్న భాగం మీద ముందు పరీక్షించి చూసేవాళ్ల దగ్గరే చేయించుకోవాలి.

బెంగళూరుకు వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ ఈ ప్రశ్నలు అడగండి: ఏ రకం లేజర్, ఎన్ని సిట్టింగ్‌లు, చేసేది ప్లాస్టిక్ సర్జనా, చర్మవ్యాధి నిపుణులా, నల్లబడితే ఏం చేస్తారు, మా వయసు, మా రంగు ఉన్నవాళ్ల కాలిన మచ్చల ఫోటోలు ముందువీ తరవాతవీ చూపిస్తారా. మొటిమల గుంటల ఫోటోలు చూపిస్తే అది జవాబు కాదు. మోచేతిని చాపి చూడకుండా, స్ప్లింట్ మాట ఎత్తకుండా నేరుగా ప్యాకేజీ చెప్పినచోట నుంచి లేచి వచ్చేయండి. మీ చెల్లెలికి నా సలహా ఏమిటంటే, మూడు నెలలు పైన చెప్పినవి గట్టిగా చేసి, ఎనిమిదో నెల నిండాక మిగిలిన ఎరుపును, గట్టిదనాన్ని చూసి లేజర్ సంగతి తేల్చుకోండి.

ఆపరేషన్ ఎప్పుడు? అందం కోసం అయితే మచ్చ పండేదాకా, అంటే కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగుతాం. పచ్చి మచ్చను కోస్తే కొత్త కుట్టు కూడా అదే ఊపులో ఉబ్బుతుంది. కదలిక పోతుంటే మాత్రం లెక్క వేరు. కనురెప్ప మూతపడకపోయినా, గడ్డం గుండెకు అతుక్కుంటున్నా, వేళ్లు ముడుచుకుపోతున్నా ఏడాది చూస్తూ కూర్చోము. మీ చెల్లెలి మోచేతిలో ఉన్నది సన్నటి తాడు అయితే, దాని పక్కన మంచి చర్మం ఉంటే, జెడ్‌ప్లాస్టీ అనే పద్ధతి ఉంది. తాడు మీద జెడ్ అక్షరంలా కోసి, రెండు ముక్కోణపు చర్మపు ముక్కలను ఒకదాని స్థానంలోకి మరొకదాన్ని మారుస్తాం. అరవై డిగ్రీల కోణంలో కోస్తే లెక్క ప్రకారం ఆ గీత పొడవు డెబ్బై ఐదు శాతం దాకా పెరుగుతుంది. వెడల్పైన పలకలా బిగిస్తే దాన్ని విడదీసి, ఏర్పడిన ఖాళీలో చర్మం అతికించాలి, లేదా పక్క నుంచి రక్తప్రసరణతో సహా చర్మాన్ని తిప్పి కప్పాలి. పలుచటి అతుకు తరవాత మళ్లీ ముడుచుకుంటుంది కనుక ఆపరేషన్ అయ్యాక కూడా స్ప్లింట్, తొడుగు కనీసం ఆరు నెలలు తప్పవు. ఆపరేషన్ చేయించుకుంటే వ్యాయామం బాధ తప్పుతుందనుకునే వాళ్లకు ఈ మాట ముందే చెబుతాను.

ఖర్చు సంగతి. కాలిన తరవాత కీళ్ల దగ్గర ముడుచుకుపోయిన చర్మానికి కదలిక కోసం చేసే ఆపరేషన్లు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీ పథకంలో ఉన్నాయి. అందం కోసం చేసే లేజర్‌ను అందులో ఆశించవద్దు. కార్డు తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే మీ కేసుకు ఏది వర్తిస్తుందో చెబుతారు. మీకు దగ్గరలో కడప రిమ్స్ ఉంది. ఫిజియోథెరపీ, చర్మవ్యాధుల విభాగం అక్కడే మొదలుపెట్టవచ్చు. ప్లాస్టిక్ సర్జరీ అభిప్రాయానికి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు రావచ్చు. స్ప్లింట్ కోసం బెంగళూరు దాకా పోనక్కర లేదు.

ఏ క్రీము అని అడిగారు కదా. ఉల్లిపాయ సారంతో చేసిన జెల్‌లకు, విటమిన్ ఇ నూనెలకు పెద్ద ఆధారం లేదు. విటమిన్ ఇ కొందరికి దద్దురు తెస్తుంది కూడా. మర్దనకు నునుపు కోసం వాడితే వాడండి గానీ, వాటి మీద వేలు ఖర్చు పెట్టవద్దు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే తెల్లబరిచే క్రీములను మాత్రం దగ్గరికి రానివ్వకండి. వాటిలో చాలావాటిలో గాఢమైన స్టెరాయిడ్ ఉంటుంది. మెడ మీద నెలల తరబడి రాస్తే మంచి చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు తేలతాయి.

ఎండ నుంచి కాపాడటం ఏ క్రీముకంటే విలువైనది. పచ్చి మచ్చ ఎండకు నల్లబడితే ఆ నలుపు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నిండు చేతుల నూలు జాకెట్టు, మెడకు చున్నీ, తెరిచి ఉన్న చోట ఎస్‌పీఎఫ్ ముప్పై లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ వాడండి.

తిండి విషయంలో మన వైపు ఒక పట్టింపు ఉంది. పుండు ఉన్నవాళ్లు పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం, వంకాయ అన్నీ మాన్పించి నెలల తరబడి చారన్నం పెడతారు. కాలిన ఒళ్లు కొత్త చర్మం కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి. అవి అందకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది, ఆలస్యంగా మానినదే ఉబ్బెత్తు మచ్చవుతుంది. మీ చెల్లెలు ఇంకా పథ్యంలో ఉంటే ఈ రోజే మాన్పించండి. పప్పు, గుడ్డు, వేరుశనగ, పాలు, ఆకుకూర పెట్టండి. ఒకసారి రక్తం శాతం కూడా చూపించండి.

పెళ్లి మాట గురించి కూడా రాయాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో తొందర అక్కడి నుంచే వచ్చింది. నా దగ్గరికి వచ్చే మచ్చల్లో చాలావాటిని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. సంబంధం కుదరబోతుందనగా నెల రోజుల్లో పోగొట్టమని అడుగుతారు. నెల రోజుల్లో అయ్యేది చర్మపు రంగుకు కలిసే కప్పుడు మేకప్ మాత్రమే. ఫోటోకు, వేడుకకు అది బాగానే పని చేస్తుంది, వేసుకోవడంలో తప్పేమీ లేదు. లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ ముహూర్తానికి ఆరు వారాల లోపు కొత్తగా మొదలుపెట్టవద్దు, ఎరుపు, నలుపు అప్పుడే ఎక్కువగా కనబడతాయి. అవతలివాళ్లకు ముందే చెప్పడమా, ఎలా చెప్పడమా అన్నది మీ చెల్లెలి ఇష్టం. ఆమెను అడగకుండా పెద్దలు నిర్ణయించవద్దు. ఆపరేషన్ బల్ల మీద పడుకుని, ఇదంతా మా అమ్మ కోసం సార్ అన్న అమ్మాయిలను చూశాను. అలాంటప్పుడు ఆ రోజుకు ఆపరేషన్ ఆపి, మాట్లాడి పంపించాను.

ఇంకొక్క హెచ్చరిక, మీ చెల్లెలికి కాదు గానీ పాత మచ్చలు ఉన్నవాళ్లకు. చిన్నప్పుడు కాలిన మచ్చ మీద పుండు పడి, నెలల తరబడి మానకుండా, అంచులు గట్టిపడి, వాసన వస్తుంటే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి. పదుల ఏళ్ల తరవాత అలాంటి పుండు క్యాన్సర్‌గా మారవచ్చు. దీన్ని మార్జోలిన్ పుండు అంటారు. పత్తికొండ వైపు రైతు ఒకాయన మోకాలి వెనక పుండుకు రెండేళ్లు ఆకుపసరు కట్టుకుని వచ్చారు. కాలు కాపాడగలిగాం, కానీ కొద్దిలో తప్పింది.

మీరు ఈ రాత్రి చేయవలసింది ఆ బల్ల కొలత. ఎన్ని వేళ్లు వచ్చిందో రాసి, ఒకే చోట, ఒకే వెలుతురులో మచ్చకు ఫోటో తీసి పెట్టుకోండి. రెండు వారాలు స్ప్లింటూ, వ్యాయామమూ వదలకుండా చేశాక మళ్లీ కొలవండి. ఒక్క వేలు తగ్గినా అదే దారిలో వెళ్లండి. ఏ మాత్రం తగ్గకపోయినా, లేదా పెరిగినా, ఎనిమిదో నెల దాకా ఆగవద్దు. ఆ రెండు కొలతలూ, రెండు ఫోటోలూ, మొదట చికిత్స చేసిన ఆసుపత్రి కాగితాలూ తీసుకుని ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి రండి.